దసరా నాటి గీత

నాకు మొదట్నుంచీ అనుమానం ఎక్కువ. పాలవాడు నవ్వుతూ పోస్తే నీళ్ళు కలిపాడనుకుంటాను, మూతి ముడుచుకుని పోస్తే ఇంకొంచెం ఎక్కువ కలిపాడనుకుంటాను. "దీనికి గుళ్ళె ప్రసాదం బెట్టినా వాసన సూసినంకనే నోట్లె ఏస్కుంటది" అని మా అత్త వచ్చేపోయేవాళ్ళకి చెప్పి నవ్వేది. అలాంటి నా మీదికే ఒకసారి అనుమానం వచ్చి పడింది. తెలంగాణ రావడానికి ముందటి దసరా అది.

అప్పటికి కొన్నేళ్ళుగా ఉప్పల్‌లో ఒక పిల్లల క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను. కింద మందుల షాపు, పైన క్లినిక్. మా ఇల్లు నాచారంలో, ఫ్యాక్టరీల వెనక బస్తీలో. మా మామ ఆ ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. అది మూతపడ్డాక ఇంటిపట్టునే ఉన్నాడు. మా ఆయన ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీకి బస్సు నడిపేవాడు. ఇద్దరు పిల్లలు. నా జీతం ఆగితే ఇల్లు నడవదు. పైగా క్లినిక్‌ల లోకం చిన్నది. ఒక డాక్టర్ "ఆ అమ్మాయా? జాగ్రత్త" అని ఫోన్లో ఒక్క మాటంటే చాలు, ఉప్పల్ నుంచి తార్నాక దాకా ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. అందుకని ఆ ఉద్యోగాన్ని కళ్ళల్లో వత్తులేసుకుని కాపాడుకునేదాన్ని.

నా ఉద్యోగంలో సగం ఆ టీకాల ఫ్రిజ్జే. ఇంట్లో వాడుకునే మామూలు ఫ్రిజ్జే, కాని అందులో మంచినీళ్ళ సీసా కూడా పెట్టనిచ్చేదాన్ని కాదు. టీకా మందు రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ మధ్య ఉండాలి. వేడెక్కితే కొన్ని చెడతాయి, గడ్డకడితే కొన్ని చెడతాయి. పాలు చెడితే విరుగుతాయి, కూర చెడితే వాసనొస్తుంది. టీకా చెడితే పైకి ఏమీ తెలియదు. అదే సీసా, అదే రంగు. సూది వేస్తే పిల్లవాడు ఎప్పటిలాగే ఏడుస్తాడు, తల్లి ఎప్పటిలాగే నిశ్చింతగా ఇంటికి పోతుంది. మందు మాత్రం పనిచేయదు. లోకంలో ఏ వస్తువు మీదా లేనంత అనుమానం నాకు ఆ చిన్న సీసాల మీద ఉండేది.

ముందు రోజుల్లో ఆ ఫ్రిజ్జులో ఒక థర్మామీటరు, తలుపు మీద ఒక కాగితం ఉండేవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రాయాలి. ఆదివారం క్లినిక్ ఉండదు, కాని కాగితంలో గడి ఖాళీగా ఉంటే మందులిచ్చే కంపెనీవాళ్ళు సణుగుతారు. అందుకని సోమవారం పొద్దున ఆదివారాన్ని కూడా నింపేసేవాళ్ళం. నాలుగు, ఐదు, నాలుగు. చుట్టుపక్కల ఏ క్లినిక్‌లో చూసినా ఆదివారాలు ఇలాగే చల్లగా ఉండేవి. డాక్టర్ సారుకూ ఈ సంగతి తెలుసు, ఎన్నడూ ఏమీ అనలేదు.

ఆ వానాకాలంలో ఆయన ఏదో డాక్టర్ల మీటింగుకి వెళ్ళి, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదిగా ఉన్న ఒక తెల్ల డబ్బా తెచ్చారు. డేటా లాగర్ అంటారట. ఫ్రిజ్జులో పడేస్తే కొద్ది నిమిషాలకోసారి లోపలి వేడి ఎంతో తనే చూసుకుని గుర్తు పెట్టుకుంటుంది. అంతా బాగుంటే దాని మీద టిక్కు కనబడుతుంది. ఎక్కడైనా హద్దు దాటితే ఇంటూ గుర్తు పడి ఎర్ర దీపం మిణుకుతుంది. కంప్యూటర్‌కి గుచ్చితే వారమంతా ఒక గీతలా గీసి చూపిస్తుంది. కరెంటు పోయిన చోటల్లా ఆ గీత చిన్న గుట్టలా లేచి దిగుతుంది.

"చూడమ్మా, ఇది మనిషి కాదు. దీనికి మొహమాటం ఉండదు" అన్నారు డాక్టర్ సారు.

మొదటి సోమవారమే అది నన్ను పట్టించింది. ఆదివారం కరెంటు చాలాసేపు పోయిందట, గీత తొమ్మిది దాకా లేచింది. నా కాగితంలో ఆ ఆదివారం నాలుగు ఉంది. డాక్టర్ సారు కాగితాన్ని కంప్యూటర్ పక్కన పెట్టి, "నువ్వు నాలుగంటున్నావు, ఇది తొమ్మిదంటోంది. ఎవర్ని నమ్మమంటావు?" అన్నారు. ఏళ్ళ తరబడి చూస్తూ ఊరుకున్న మనిషి, ఇవాళే కొత్తగా కనుక్కున్నట్టు అడిగారు. నాకు ఒళ్ళు మండింది. అయినా తల వంచుకున్నాను. ఆ రోజు నుంచి నేను నిజంగా చూసి రాసిన నాలుగు కూడా ఆయనకు అనుమానంగానే కనబడింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు మరి.

క్లినిక్ ఊడ్చే ఆయమ్మకైతే ఆ డబ్బాను చూస్తే దడ. "అమ్మా, గిండ్ల మన మాటలు గూడ వడ్తయా?" అని మెల్లగా అడిగింది. పడవని చెప్పాను. చెప్పానే గాని, ఆ తర్వాత ఫ్రిజ్జు దగ్గర నిలబడి డాక్టర్ సారును తిట్టుకోవడం నేనూ మానేశాను.

రోజులు కూడా అలాంటివే. రాష్ట్రం విడిపోవడం ఖాయమన్న మాట వచ్చేసింది. డాక్టర్ సారుదీ, కింది మందుల షాపాయనదీ కోస్తా వైపు. నేనూ ఆయమ్మా ఇక్కడివాళ్ళం. మా మధ్య ఒక్క గట్టి మాట రాలేదు. కాని వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నప్పుడు నేను లోపలికి వెళ్తే మాట ఆగేది. మా గురించేనా? కరెంటు బిల్లు గురించో, పిల్లల చదువు గురించో మాట్లాడుకుంటున్నారేమో కూడా. నేనూ ఆయమ్మా మాట్లాడుకుంటుంటే డాక్టర్ సారు వచ్చినప్పుడు మేమూ ఆపేవాళ్ళం. హాల్లో టీవీ పెడితే ఏ వార్తకు ఎవరి మొహం ఎలా మారిందో పిల్లల తల్లులు కూడా ఒకరినొకరు ఓరకంట చూసుకునేవాళ్ళు. చివరికి డాక్టర్ సారు ఆ టీవీలో కార్టూన్లు మాత్రమే పెట్టమన్నారు.

దసరా ముందురోజు సాయంత్రం క్లినిక్‌లో పూజ చేశాం. స్టెతస్కోపుకూ, పిల్లల్ని తూచే కాటాకూ, కంప్యూటర్‌కూ, ఫ్రిజ్జుకూ బొట్లు పెట్టాం. ఆయమ్మ ఫ్రిజ్జు తెరిచి లాగర్‌కు కూడా ఒక బొట్టు పెట్టింది. "మన మీద సాడీలు చెప్పకుండ్రి" అని దానికో దండం కూడా పెట్టింది. డాక్టర్ సారు కూడా నవ్వారు. దసరా రోజు సెలవు. తాళం చెవులు మూడు: ఒకటి డాక్టర్ సారు దగ్గర, ఒకటి మందుల షాపాయన దగ్గర, ఒకటి నా దగ్గర. నేను తాళం వేసి, నాచారం వచ్చి, చెవిని ఎప్పట్లాగే దేవుడి గూటి పక్క మేకుకు తగిలించి, పిల్లల్ని తీసుకుని అన్నోజిగూడలో మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. పండుగ అక్కడే చేసుకుని మర్నాడు పొద్దున ఇంటికి వచ్చి, చెవి తీసుకుని డ్యూటీకి వెళ్ళాను.

ఫ్రిజ్జు తెరిచాను. చల్లగానే ఉంది. మోటారు నడుస్తోంది. లాగర్ మీద మాత్రం ఇంటూ గుర్తు, ఎర్ర దీపం.

డాక్టర్ సారు వచ్చేదాకా ఒక్క సీసా ముట్టుకోలేదు. ఆయన దాన్ని కంప్యూటర్‌కి గుచ్చారు. కరెంటు పోతే లేచే చిన్న గుట్ట కాదది. దసరా పొద్దున లేచిన గీత రోజంతా లేస్తూనే పోయి, గది వేడి దాకా వెళ్ళి, రాత్రంతా అక్కడే ఉండి, మర్నాడు తెల్లవారుజామున దిగడం మొదలుపెట్టింది. కరెంటు పోయిందేమో అన్నాను. కింది షాపు ఫ్రిజ్జు రోజంతా నడిచింది.

"ఎవరో ఆపారు. మళ్ళీ ఎవరో వేశారు" అన్నారు డాక్టర్ సారు. "తలుపు పగలగొట్టలేదు, తాళం తీసి వచ్చారు. ఏమీ పోలేదు. వెళ్తూ తాళం కూడా వేసి వెళ్ళారు. ఇంత మర్యాదస్తుడైన దొంగ ఎవరమ్మా?"

ఫ్రిజ్జులో ఉన్న మందంతా తీసి అట్టపెట్టెలో పెట్టి, 'వాడరాదు' అని ఎర్ర పెన్నుతో రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది. ఆ రోజు టీకాల కోసం వచ్చిన తల్లులకు ఏదో సాకు చెప్పి పంపించాం. సాయంత్రం ఆయన నన్ను పిలిచి, "సోమవారం లోగా ఎవరన్నది తేలాలి. తేలకపోతే నువ్వు ఇంకో చోటు చూసుకో. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత?" అన్నారు. మూడు చెవుల్లో ఒకటి ఆయనదే, ఒకటి ఆయన ఊరివైపు మనిషిది. ఇక మిగిలింది నాది. ఆయన అలా అనలేదు, నాకు వినిపించింది మాత్రం అదే.

సరే, నేనే తేలుస్తానని బయలుదేరాను. నాకు అనుమానించడం ఒకరు నేర్పాలా!

ముందు ఆయమ్మ మీద పడ్డాను. అంతకు ముందు ఒకసారి ఫ్రిజ్జు ప్లగ్గు పీకి సెల్‌ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటుంటే పట్టుకున్నాను. ఆమె దగ్గర తాళం చెవి లేదు, కాని షాపాయన దగ్గర అడిగి తీసుకుని ఉండొచ్చు కదా.

"నా మీద వడ్తవేందమ్మా?" అని చీపురు కింద పడేసింది. "పండుగనాడు నేను దమ్మాయిగూడల మా బిడ్డ ఇంట్ల ఉన్న. సెల్లు చార్జింగ్ వెట్టెతందుకు గంత దూరంకెల్లి ఈడికొస్తనా? నువ్వే యాడనో మర్శినవేమో జర యాద్ జేసుకో."

తిరిగి నన్నే అంటుందా అని కోపమొచ్చింది. కాని ఆమె మాటలో న్యాయం ఉంది.

తర్వాత షాపాయన దగ్గరికి దిగాను. ఈయన మీద నాకు పాత అనుమానం. మేడ మీది క్లినిక్ ఖాళీ చేయిస్తే ఎక్కువ అద్దెకు వస్తారని ఓనర్‌తో అంటుండగా విన్నాను. కాబట్టి క్లినిక్‌కు చెడ్డపేరు రావాలని చూస్తున్నాడేమో. ఎంత మెత్తగా అడిగినా నా మొహం నా మాట వినదు, ఆయనకు అర్థమైపోయింది.

"నాకేం అవసరమండీ సిస్టర్‌గారూ? మీ క్లినిక్ మూతపడితే నా మందులు ఎవరు కొంటారు? పండగరోజు మధ్యాహ్నం దాకా షాపు తీసే ఉంచాను. మెట్లెక్కేవాళ్ళని చూస్తూ కూర్చోవడం నా పనా?" అన్నాడు. పైగా గొంతు తగ్గించి, "మీ డాక్టర్‌గారి దగ్గర కూడా ఒక చెవి ఉంది కదా, ఆయన్ని అడిగారా?" అన్నాడు.

నేను ఆ సంగతీ ఆలోచించకపోలేదు. నన్ను తీసేసి తక్కువ జీతానికి ఇంకొకర్ని పెట్టుకోవాలనుకుంటే ఇంతకన్నా మంచి సాకేముంది? ఒక రోజంతా అదే నమ్మాను. డాక్టర్ సారు అన్నం తింటుంటే చేతుల వైపు చూస్తూ, ఈ చేతులే స్విచ్చు తీశాయా అనుకున్నాను. అన్ని మందులు పోగొట్టుకుని ఎవరైనా అంత పని చేస్తారా అని మరుసటి రోజుకు గాని తట్టలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అది నా కళ్ళకు మనుషుల్ని మనుషులుగా కనబడనివ్వలేదు.

ఆదివారం సాయంత్రం ఇంట్లో అన్నం గిన్నెలు సర్దుతూ గట్టిగానే విసుక్కుంటున్నాను. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్తే మామ బెంగపెట్టుకుంటాడని. మామ గడప మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది బిడ్డా? నాల్గొద్దుల సంది సూస్తున్న, మొఖం గట్లనే ఉన్నది" అన్నాడు.

"దసర నాడు ఎవలో మా ఫ్రిజ్జు బంద్ జేసిన్రు మామా. మందులన్ని ఖరాబైనయ్. నా మీదికొచ్చింది. రేపటిదాంక ఎవలో తేలకుంటె నౌకరి పోతది."

మామ లేచి నిలబడ్డాడు.

"నేనే జేసిన గద బిడ్డా" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు. నేను పండుగకు బయలుదేరే ముందు, క్లినిక్‌లో పూజ అయిందని ఆయనతో చెప్పానట. ఫ్రిజ్జు బంద్ చేశారా అని అడిగితే, అది ఎన్నడూ బంద్ చేసేది కాదు అన్నానట. నిజమే, అన్నాను. హడావుడిలో అని మర్చిపోయాను. ఆ మాట ఆయన్ని రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నాచారం ఫ్యాక్టరీల్లో దసరాకు మిషన్లన్నీ ఆపుతారు. కడిగి, నూనె పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఆ రోజంతా వాటిని ముట్టరు. మర్నాడు తెల్లారకముందే కొబ్బరికాయ కొట్టి మళ్ళీ నడిపిస్తారు. ఒక ఏడు ఓనర్ ఆర్డర్ తొందరుందని పండుగ పూట రేకులు నొక్కే ప్రెస్సు నడిపించాడు. మామతో పాటు పనిచేసే మనిషి వేళ్ళు అందులో పోయాయి. అప్పటి నుంచీ మామకు అది ఒట్టి ఆచారం కాదు, భయం.

"ఇప్పుడు మన ఇంటికి అన్నం బెట్టే మిషన్ అదే గద" అన్నాడు మామ. "పండుగ పూట దానికి రెస్ట్ ఇయ్యకుంటె నీకేమన్న అయితదేమోనని మస్తు ఫికరైంది. పొద్దుగాల్నే తానం జేసి, మేకుకున్న చెవి తీస్కోని పోయిన. ఎనిమిది గొట్టంగ స్విచ్చు తీసిన. శుభ్రంగ తుడ్సిన, మీరు పెట్టిన బొట్టు మీదనే ఇంకో బొట్టు పెట్టిన. తెల్లారి కోడి కూయకముందే వోయి ఏసొచ్చిన. ఏసేటప్పుడు తలుపు తీసి సూస్తే లోపల తెల్ల డబ్బ ఎర్రగ మిణుకు మిణుకుమంటున్నది. మళ్ళ పానం వచ్చింది తీ అనుకున్న."

గీత ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో ఆయనకు నేను చెప్పలేదు. ఆయన చెప్పిన వేళలు ఆ గీతతో అతికినట్టు సరిపోయాయి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు రోజులు ఊరందర్నీ దొంగల్ని చేశాను. మా ఇంటి మేకు వైపు ఒక్కసారీ చూడలేదు.

"మందులు పాడైతయని తెల్వదా మామా?"

"తలుపు మూసే ఉంచిన గద బిడ్డా. మూసినంక సల్లదనం యాడికి వోతదనుకున్న." ఆయన మేకుకున్న చెవి వైపు చూశాడు. "రేపు నేనే వచ్చి మీ సారుకు చెప్త. నేను జేసిందానికి నీ నౌకరెందుకు వోవాలె?"

సోమవారం మామ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. బస్సులో వస్తున్నంతసేపూ నాకు గుండె తేలికగానే ఉంది. దొంగ దొరికాడు. దొంగతనం కాదని తేలింది. నన్ను తిడతారు, చెవిని మేకుకు తగిలించినందుకు. తిట్టనీ. ఉద్యోగమైతే ఉంటుంది, పేరు కూడా ఉంటుంది అనుకున్నాను.

డాక్టర్ సారు మామను కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. చేతులు కట్టుకుని, నాతో చెప్పినట్టే మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. చెప్పేటప్పుడు ఒక్కసారీ నా వైపు చూడలేదు. డాక్టర్ సారు మధ్యలో ఆపి, ఎన్నింటికి ఆపారు, ఎన్నింటికి వేశారు అని అడిగారు. మామ చెప్పాడు. డాక్టర్ సారు కంప్యూటర్‌లో గీత తెరిచి చూసుకున్నారు. సరిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా వైపు తిరిగి, "ఎందుకమ్మా పెద్దాయన్ని ఇబ్బంది పెడతావు?" అన్నారు.

"సార్?"

"గ్రాఫు నువ్వూ చూశావు కదా. చూసి చెప్పిస్తే టైము ఎవరైనా సరిగ్గానే చెప్తారు. ఫ్రిజ్‌కి సెలవిచ్చారంటే నేను నమ్మాలా? ఎవరికైనా చెప్తే నవ్వుతారు."

"నేను అవద్దమాడెటోన్నయితే ఇంకెవలో జేసిన్రని చెప్పకపోదునా సారూ?" అన్నాడు మామ. గొంతు పెద్దది చేయలేదు.

డాక్టర్ సారుకు కోపం కూడా రాలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. ఆయన మొహం నిండా జాలి. కోడలి ఉద్యోగం కోసం అబద్ధమాడుతున్న ముసలాయన్ని చూస్తున్నట్టు చూశారు. ఆ కుర్చీలో నేను కూర్చుని ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.

"చూడమ్మా, నాకూ కంపెనీవాళ్ళకు చెప్పుకోడానికి ఏదో ఒక సమాధానం కావాలి" అన్నారాయన, ఈసారి మెత్తగా. "జరిగిందేంటో నేను ఎప్పుడో ఊహించాను. పండగరోజు పొద్దున్నే వచ్చి, ఐస్ కరిగిద్దామని ఫ్రిజ్ ఆపావు. ఊరెళ్ళే తొందర్లో మళ్ళీ వేయడం మర్చిపోయావు. మర్నాడు గుర్తొచ్చి చీకటితోనే పరిగెత్తుకొచ్చి వేశావు. అంతే కదా? ఒప్పుకుంటే నిన్నేం ఉరి తీయను. మనిషన్నాక మరుపు సహజం. ఉద్యోగంలోనే ఉండు."

మామ నా వైపు చూశాడు. కాదని చెప్పు అన్నట్టు చూశాడు.

కాదని చెప్తే ఇద్దరం మెట్లు దిగి పోవాలి. పిల్లల ఫీజు, ఇంటి కిరాయి, డాక్టర్ సారు ఫోన్లో అనబోయే ఆ ఒక్క మాట, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఇంకొకటి కూడా ఉంది. మామను అక్కడ ఇంకొక్క నిమిషం అబద్ధాలకోరులా నిలబెట్టడం నా వల్ల కాలేదు.

"అవును సార్. మర్చిపోయాను" అన్నాను.

డాక్టర్ సారు మొహం విప్పారింది. ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ పొద్దున నేను అన్నోజిగూడలో మా అమ్మ ఇంట్లో ఉన్నానని, అక్కడి నుంచి ఎలా వచ్చానని అడగలేదు. గీత వైపు తిరిగి చూడను కూడా చూడలేదు. "ఈ మాట మొదటి రోజే చెప్పుంటే అయిపోయేది కదమ్మా" అన్నారు. తాళం చెవి బల్ల మీద పెట్టి వెళ్ళమన్నారు. ఇక నుంచి అది ఆయమ్మ దగ్గర ఉంటుందట. మామకు నమస్కారం పెట్టి, "పెద్దవారు, ఇలాంటివాటిల్లోకి రాకండి" అన్నారు.

మామను బస్సెక్కించి వస్తానని చెప్పి బయటికి తీసుకొచ్చాను. రోడ్డు మధ్యలో మెట్రో కోసం స్తంభాలు లేపుతున్నారు. ఎటు చూసినా దుమ్ము. మామ నాకన్నా రెండడుగులు ముందు నడిచాడు. తెల్ల చొక్కా మీద దుమ్ము పడుతుంటే దులుపుకోలేదు. ఏదో ఒకటి అనాలని, "నౌకరైతె నిల్సింది మామా, ఇగ ఫికర్ జేయకు" అన్నాను.

బస్టాపు దగ్గర ఆగాడు.

"నేను నిజం చెప్తుంటె నువ్వు అవద్దమెందుకు చెప్పినవ్ బిడ్డా?"

"ఆయన నమ్మలేదు గద మామా."

"ఆయన నమ్మలే, మంచిగనే ఉన్నది. నేనెవలో ఆయనకెర్కలేదు." నా వైపు తిరిగాడు. "నువ్వన్న నమ్మినవా?"

వెంటనే చెప్పాల్సింది. కాని డాక్టర్ సారు మాట ఇంకా చెవిలోనే ఉంది. గ్రాఫు చూసి చెప్పిస్తే టైము ఎవరైనా సరిగ్గానే చెప్తారు. నా ఉద్యోగం కోసం ఈయన ఏ నింద అయినా మీదేసుకునే మనిషే కదా. నిన్న సాయంత్రం వేళల సంగతి ముందు ఎవరు ఎత్తారు, నేనా, ఈయనా? గుర్తు చేసుకున్నాను. ఈయనే. నేను చెప్పలేదు.

"నమ్మిన మామా" అన్నాను.

మామ నా మొహంలోకి చూశాడు. ఆ లెక్కంతా ఆయన అందులో చూసేశాడు. నాచారం బస్సు వచ్చి ఆగింది. ఆయన ఇంకేమీ అడగకుండా ఎక్కి, కిటికీ పక్కన కాకుండా లోపలి సీట్లో కూర్చున్నాడు.